ఉప్పునీళ్ళకు స్టీలు ప్లేట్లు

"వాళ్ళకు వేడి అలవాటేనమ్మా" అన్న మాట నేను ఒక ఏ.సి. గదిలో విన్నాను. అన్నది మా ఫ్యాక్టరీ మేనేజరు. ఆయన ముందు గాజు బల్ల మీద మజ్జిగ గ్లాసు ఉంది. గ్లాసు బయట చన్నీటి చుక్కలు పట్టి ఉన్నాయి. ఆ మాట విని ఏళ్ళు గడిచాయి. ఇప్పటికీ తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి. కోపం తగ్గాక రాయమని తెలిసినవాళ్ళు సలహా ఇచ్చారు. తగ్గేదాకా ఆగితే ఎప్పటికీ రాయలేనని తెలిసి ఇప్పుడు రాస్తున్నాను.

మాది బిట్రగుంట. నాన్న రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రైల్వే కాలనీలో పెరిగాను కాబట్టి గ్రీసు మరకలన్నా, ఇనుప చప్పుడన్నా నాకు కొత్త కాదు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, కొన్నాళ్ళు చెన్నైలో ఒక పెద్ద ఆసుపత్రి ఏ.సి. ప్లాంటులో పనిచేశాను. బోగోలు దాటి తీరం వైపు బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఒకటి కడుతున్నారని, కూలింగ్ ప్లాంటు చూసుకోడానికి మనిషి కావాలని తెలిసి ఇటు వచ్చేశాను. ఇంటికి దగ్గర. అమ్మ సంతోషించింది. నేను కూడా.

ఆ బిల్డింగు చూస్తే ముచ్చటేసేది. చుట్టూ ఉప్పునేల, తుమ్మచెట్లు, రొయ్యల గుంటలు. వాటి మధ్యలో అద్దాల గోడలతో తెల్లగా నిలబడి ఉండేది. కింద కుట్టు హాలు. ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి ముఖం గుర్తుపట్టలేం. పైన ఆఫీసులు, డిజైన్ రూమ్, విదేశాల నుంచి వచ్చే కొనుగోలుదార్లకు బట్టలు చూపించే గది. మొత్తం బిల్డింగులో తెరుచుకునే కిటికీ ఒక్కటి లేదు. హాల్లో ఫ్యాను కూడా లేదు. సముద్రపు గాలి తగిలితే సూదులు తుప్పు పడతాయని, దుమ్ముకు తెల్లబట్ట పాడవుతుందని అలా కట్టారు. చల్లగా ఉన్నంతసేపు అది మంచి ఏర్పాటే. కూలింగ్ ఆగితే ఆ హాలు ఏమవుతుందో ప్లాను గీసినవాళ్ళు ఆలోచించలేదు. ఆలోచించినా, లోపల కూర్చునేది తాము కాదు.

పెద్ద బిల్డింగును చల్లబరచడమంటే లోపలి వేడిని మోసుకెళ్ళి బయట ఎక్కడో పారబోయడమే. మా దగ్గర ఆ వేడిని ఉప్పుటేరులో పారబోసేవాళ్ళం. చిల్లర్లనే చల్లబరిచే యంత్రాలు హాల్లో నుంచి లాగిన వేడిని ముందు మంచినీళ్ళకు ఇస్తాయి. ఆ మంచినీళ్ళు పైపుల్లో గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. ఏటి నుంచి పంపుతో తోడిన ఉప్పునీళ్ళు వచ్చి వాటి వేడిని తీసుకుని తిరిగి ఏట్లోకి పోతాయి. ఈ రెండు నీళ్ళు ఒకదానికొకటి తగలకూడదు. ఉప్పునీళ్ళు చిల్లర్లోకి వెళ్తే లోపలి రాగి గొట్టాలను తినేస్తాయి. అందుకని మధ్యలో ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజరు పెడతారు. మేం ప్లేట్ల మిషన్ అనేవాళ్ళం. ముడతలు ముడతలుగా అచ్చువేసిన పలుచటి రేకులను వరసగా నిలబెట్టి, రెండు లావు ఇనుప పలకల మధ్య పొడుగు బోల్టులతో బిగిస్తారు. ఒక సందులో ఉప్పునీరు, పక్క సందులో మంచినీరు. మధ్యలో రేకు తప్ప ఇంకేం ఉండదు. ఆ రేకు గుండానే వేడి దాటుతుంది. చూడ్డానికి రెండు బీరువాలంత ఉంటుంది గానీ, అంత బిల్డింగు వేడీ దాని గుండానే పోవాలి.

నాకు ఆ మిషనంటే ఇష్టం. విప్పి కడిగి మళ్ళీ బిగించినప్పుడు రేకులన్నీ సమానంగా దగ్గరికొచ్చి కూర్చుంటుంటే చూడబుద్ధేసేది. నాతో పాటు ఆ పని చేసిన ఫిట్టరు నెల్లూరు నుంచి వచ్చే పెద్దాయన. అందరం భాయ్ అనేవాళ్ళం. ఆయన నన్ను అమ్మా అనేవాడు. నెల్లూరులో వాళ్ళ కుటుంబానిది తాళాలు, ట్రంకు పెట్టెలు బాగుచేసే దుకాణం. ఆయనొక్కడే పెద్ద మిషన్ల వైపు వచ్చాడు.

ఇంకొక మనిషిని నేను అక్కా అని పిలిచేదాన్ని. తీరం మీద పాలెం నుంచి కంపెనీ బస్సులో వచ్చేది. భర్త పడవ మీద వేటకు పోతాడు. ఆమె హాల్లో కాలర్లు కుట్టేది. మధ్యాహ్నం అన్నం వేళకు క్యాంటీన్లో ఊపిరాడదని మా పంపు గది పక్కకొచ్చి ఏటి గాలికి కూర్చునేది. మొదట్లో నేను ఎవరో తెలియక, "నువ్వు ఈడ ఏం పని చేస్తావు మే?" అని అడిగింది. చెప్పాను. "అయితే మా హాలు చల్లగా ఉండేది నీ వల్లనా?" అని నవ్వి, తన టిఫిన్ మూత తీసి ఎండు రొయ్యల కూర నా అన్నం మీద వేసింది. అప్పటి నుంచి ఇద్దరం అక్కడే తినేవాళ్ళం.

ఇప్పుడు అసలు సంగతి.

ఉప్పునీళ్ళు వాడే చోట ప్లేట్లు టైటానియంవి వేస్తారు. ఆ లైనులో పనిచేసే ఎవరినడిగినా చెప్తారు. మాకు బిగించింది స్టెయిన్‌లెస్ స్టీలువి. నేను చేరేసరికే బిగింపు అయిపోయింది. మిషన్ మీద ఉన్న పలక చదివి నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఏటి నీళ్ళకు ఈ ప్లేట్లు ఆగవు. టైటానియం వేయాల్సింది."

ఆయన నవ్వాడు. "స్టెయిన్‌లెస్ అంటేనే తుప్పు పట్టనిది అని కదమ్మా. పేరులోనే ఉంది."

"మామూలు నీళ్ళకు పట్టదు సార్. ఉప్పునీళ్ళు, అందులో వేడి ఉన్న చోట, బురద పేరుకున్న చోట సూదితో పొడిచినట్టు చిల్లులు పడతాయి."

"పడ్డప్పుడు చూద్దాం. ఇప్పుడు నడుస్తోంది కదా."

మొదటి వేసవి నడిచింది. నడిచినందుకు నాకు చిరాకేసింది కూడా. నా మాట అబద్ధమైనట్టు ఆయన మీటింగుల్లో నన్ను చూసి "మన మేడమ్ భయస్తురాలు" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. మగవాడు అదే మాట చెప్పి ఉంటే జాగ్రత్త గల మనిషి అనేవాళ్ళు.

రెండో వేసవిలో ఏరు తగ్గింది. రొయ్యల గుంటల నుంచి వదిలే మడ్డి అందులో కలిసింది. నీళ్ళు చిక్కబడ్డాయి. ఒక రోజు పొద్దున మంచినీళ్ళ లైనులో ఉప్పు కనిపించింది. భాయ్, నేను మిషన్ విప్పాం. ప్లేటుకు ఒక వైపు ఎర్ర రంగు పూసి, రెండో వైపు తెల్ల పౌడరు చల్లి కాసేపు ఆగాలి. చిల్లు ఉంటే రంగు ఇవతలికి ఊరుతుంది. కాసేపటికి తెల్ల పౌడరు మీద ఎర్ర చుక్కలు తేలాయి. ఒక ప్లేటు మీద కాదు. ఒకదాని తర్వాత ఒకటిగా చాలా వాటి మీద.

భాయ్ నేల మీద గొంతుక్కూర్చుని వాటినే చూస్తూ, "పాపం మిషన్‌ది ఏం తప్పుండాదమ్మా" అన్నాడు.

మేనేజరును పిలిపించి చూపించాను. ఆయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూశాడు.

"చిల్లులు పడ్డవి తీసేయండి. మిగిలినవి దగ్గరికి జరిపి బిగించండి."

"తీసేకొద్దీ కూలింగ్ తగ్గుతుంది సార్. ఎండలు ఇంకా ముదరలేదు."

"కొత్తవాటికి ఆర్డరు పంపుతున్నాం. వచ్చేదాకా సర్దుకోవాలి."

అలాగే బిగించాం. కొన్నాళ్ళకు మళ్ళీ ఉప్పు. మళ్ళీ విప్పాం, మళ్ళీ తీశాం. ఎప్పుడడిగినా "వస్తున్నాయి" అనేవాడు. మిషన్ సన్నబడుతూ వచ్చింది. బోల్టుల చివర్లు ఇనుప పలక దాటి బయటికి పొడుచుకొచ్చాయి. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం అయ్యేసరికి వేడి పారబోయలేక చిల్లరు తనంతట తానే ఆగిపోయేది. దాన్ని మళ్ళీ లేపడానికి తంటాలు పడేవాళ్ళం.

అప్పుడు ఆయన నన్ను తన గదికి పిలిచి, ముందు చెప్పిన మాట అన్నాడు. చిల్లరు నుంచి కుట్టు హాలుకు వెళ్ళే చల్లనీళ్ళ లైను మూసేయమన్నాడు. అప్పుడు చిల్లరు మీద బరువు తగ్గుతుంది, పై అంతస్తు చల్లగా ఉంటుంది. లెక్కకు అది సరైనదే.

"సార్, ఆ హాలుకు కిటికీల్లేవు. ఫ్యాన్లు లేవు. అంత మంది, అన్ని మిషన్లు, ఇస్త్రీ ఆవిరి. మనుషులు పడిపోతారు."

"వాళ్ళకు వేడి అలవాటేనమ్మా. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళు. పైన కంప్యూటర్లున్నాయి. వచ్చే వారం బయ్యర్లు వస్తున్నారు. వాళ్ళను చెమటల్లో కూర్చోబెట్టమంటావా?"

"హాల్లో పని తగ్గించండి. పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కేలోపు పంపించేయండి."

"బట్ట పంపాల్సిన తారీఖులున్నాయి."

"నేను మూయను సార్."

ఆయన మజ్జిగ తాగి గ్లాసు పెట్టాడు. "సరే, నువ్వు మూయొద్దు" అన్నాడు.

మర్నాడు నేను వచ్చేసరికి వాల్వు మూసి ఉంది. వేరే షిఫ్టు ఆపరేటరుతో మూయించాడు. నేను తెరిచాను. సాయంత్రానికి మళ్ళీ మూసి ఉంది. మళ్ళీ తెరిచాను. తర్వాతి రోజు దాని చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. తాళంచెవి ఆయన దగ్గర.

'అలవాటు' అన్న మాట మీద నాకు అప్పటి నుంచి అసహ్యం. ఆ మనిషి తన కూతురు బడికి పోయే కారు అద్దాలకు తెరలు కట్టించాడు. ఎండ తగిలితే పిల్లకు తలనొప్పి వస్తుందట. ఆ పిల్లదీ ఈ జిల్లా ఎండే. మరి దానికెందుకు అలవాటు కాలేదు? పక్కవాడి కష్టం మనకు అలవాటైపోయి, వాడికే అలవాటైందని చెప్పుకుంటాం. నేను ఇది ఆయన ముందే అనాల్సింది. ఆ రోజు అనలేదు.

అన్నం దగ్గర అక్కకు చెప్పాను. చెప్పకూడదని నాకు అనిపించలేదు.

"తాళం వేసినాడా?" అంది.

"ఊఁ."

"మేం పాలెం వాళ్ళమని తెలిసే వేసినాడా?"

ఆమె ఏటి వైపు చూస్తూ ముద్ద నమిలింది. "సముద్రం మీద ఎండ మాడ్చేస్తది. నిజమే. గానీ ఆడ గాలుంటది మే. ఒళ్ళు కాలితే నీళ్ళు చల్లుకుంటారు. ఈ పెట్టెలో మాదిరి ఎవురూ ఉండరు" అంది. చేయి కడుక్కుని, బెల్లు కొట్టకముందే లేచి లోపలికి పోయింది. ఆలస్యమైతే సూపర్‌వైజరు నానా మాటలు అంటాడు.

ఆమె పడిపోయింది ఒక శనివారం. ఆ రోజు కూడా ఇద్దరం కలిసే తిన్నాం. అన్నం, ఎండు రొయ్యలు, గోంగూర. తిన్నాక నేను చిల్లరు దగ్గరికి పోయాను. కాసేపటికి హాల్లోకి ఏ.సి. గాలి తోసే బ్లోయరు బెల్టు మార్చడానికి వెళ్ళిన భాయ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ వయసు మనిషి పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా, మీ అక్క పడిపోయింది. రా."

హాలు తలుపు తీయగానే వేడి ముఖం మీద కొట్టింది. తడి బట్ట, నూనె, చెమట కలిసిన వాసన. అక్క రెండు మిషన్ల మధ్య నేల మీద ఉంది. సూపర్‌వైజరు అట్టపెట్టె ముక్కతో విసురుతున్నాడు. పక్క లైనులో మిషన్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అది నేను మర్చిపోలేను. మనిషి నేల మీద పడి ఉంటే, పక్కనే సూదులు టకటకమంటూ నడుస్తున్నాయి. వాళ్ళు ఆపితే లైనంతా ఆగుతుందని ఆపనివ్వలేదు.

ఆమె చేయి పట్టుకున్నాను. కాలిపోతోంది. చెమట లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. "వల లోపలికి లాగినారా?" అని అడిగింది. ఎవరినో, ఎక్కడినించో.

భాయ్, నేను, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తి పంపు గది నీడలోకి తెచ్చాం. కటింగ్ గదిలో మిగిలిన నూలు పీలికలు నీళ్ళలో ముంచి మెడ మీద, చంకల్లో, తొడల మీద వేశాం. భాయ్ బకెట్లతో నీళ్ళు మోస్తూనే ఉన్నాడు. వ్యాను కోసం ఆఫీసుకు ఫోను చేస్తే, మేనేజరు మీటింగులో ఉన్నాడు, అడిగి చెప్తాం అన్నారు. నేను ఫోను పెట్టేసి, గేటు దగ్గర బట్టల మూటలు దించుతున్న లారీ డ్రైవరును పిలిచాను. అతను మారుమాట్లాడకుండా బండి తిప్పాడు. అక్క వాళ్ళ పాలెం నుంచే వచ్చే ఇంకొకామె తోడెక్కింది. కావలి ఆసుపత్రికి తీసుకుపోయారు.

లారీ పోయాక నేను మెట్లెక్కి పైకి వెళ్ళాను. వరండాలో చల్లగా ఉంది. చొక్కా తడిసి ఉండటం వల్ల నాకు వణుకు కూడా వచ్చింది. ఆఫీసులో ఒక మనిషి ఫోన్లో చెబుతున్నాడు. "ఏం లేదు సార్, శనివారం ఉపవాసం ఉండి వచ్చిందంట. నీరసం."

ఆమె వండిన రొయ్యలు ఇంకా నా కడుపులో ఉన్నాయి.

కిందికి వచ్చి ఇనుము కోసే హాక్సా తీసుకుని గొలుసు కోయడం మొదలుపెట్టాను. భాయ్ చూశాడు. గొలుసు కదులుతుంటే బ్లేడు జారుతోంది. ఆయన వచ్చి గొలుసును కటింగ్ ప్లయరుతో గట్టిగా పట్టుకున్నాడు. "నిదానంగా కొయ్యమ్మా" అన్నాడు. గొలుసు తెగింది. హాలు వాల్వు మొత్తం తెరిచి, పై అంతస్తు వాల్వు మొత్తం మూసేశాను.

మేనేజరు కిందికి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. చొక్కా చంకల్లో తడిసి ఉంది. అంత తొందరగా చెమట పట్టినందుకు నాకు చెడ్డ సంతోషం కలిగింది. దాచను.

"ఎవరు మూసింది పైన?"

"నేనే సార్."

"నీకు పిచ్చి పట్టిందా? లోపల బయ్యర్లున్నారు."

"వాళ్ళను ఏటి పక్కకు రమ్మనండి. ఇక్కడ గాలి వస్తోంది."

"తెరువు ముందు."

"తెరవను. మీరు తెరవాలంటే నన్ను జరిపి తెరవండి."

ఆయన భాయ్ వైపు చూశాడు. భాయ్ చేతిలోని ప్లయరును గుడ్డతో తుడుచుకుంటూ ఉన్నాడు, చూపు ఎత్తలేదు. షిఫ్టు ఆపరేటరు ఎక్కడికో మాయమయ్యాడు. మేనేజరుకు పై అంతస్తు వాల్వు ఎటు తిప్పాలో తెలియదు. తన ఫ్యాక్టరీలో, తను తాళం వేయించిన వాల్వు పక్కనే, అది కుడికా ఎడమకా తెలియక నిలబడ్డాడు.

ఈలోగా హాలు తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు బయటికి వచ్చి గోడ నీడన వరసగా కూర్చుంటున్నారు. ఎవరూ అరవలేదు. కొంగులతో విసురుకుంటూ, నీళ్ళ సీసాలు ఒకరికొకరు అందించుకుంటూ కూర్చున్నారు. సూపర్‌వైజర్లు వెంటపడి పిలుస్తుంటే, ముందు కూర్చున్న పెద్దామె ఒకరు, "చల్లగా అయినాక వస్తాం పో" అంది. అంతే. సాయంత్రం దాకా ఎవరూ లేవలేదు. కంపెనీ బస్సులు వచ్చాక వాటిలో ఎక్కి ఇళ్ళకు పోయారు.

తర్వాత హెడ్డాఫీసు నుంచి మనుషులు వచ్చారు. నన్ను పిలిచే ముందు మేనేజరు వరండాలో ఆపి, గొంతు తగ్గించి, "మిషన్ పాడైంది, కూలింగ్ ఆగింది, అంతవరకే చెప్పు. గొలుసు సంగతి వద్దు. నీకూ మంచిది" అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం ఉంది. నాకు జాలి కలగలేదు.

లోపలికి పోతూ చిల్లులు పడ్డ ప్లేటు ఒకటి చంకన పెట్టుకుని పోయాను. బల్ల మీద పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. గొలుసుతో సహా, నేను కోసిన దానితో సహా. వచ్చిన పెద్దమనిషి ప్లేటును వెలుతురుకెత్తి చూశాడు. చిల్లుల్లోంచి వెలుతురు సన్నగా పడుతోంది.

"కొత్తవాటికి ఆర్డరు పెట్టామని చెప్తూ వచ్చారు సార్. ఎప్పుడొస్తాయి?" అని అడిగాను.

ఆయన మేనేజరు వైపు తిరిగాడు. "మా దాకా ఏ ఆర్డరూ రాలేదే" అన్నాడు.

మేనేజరు తల వంచుకున్నాడు. ప్లేట్లు అడిగితే తన ఫ్యాక్టరీలో సమస్య ఉందని పైవాళ్ళకు తెలిసి చెడ్డపేరొస్తుందని అసలు అడగనే లేదట. కేవలం అందుకు. ఇన్ని రోజులూ "వస్తున్నాయి" అని ఒక అబద్ధం చెప్తూ, దాన్ని మోయడానికి కుట్టు హాలును ముందుకు తోశాడు.

ఆ తర్వాత కథ న్యాయంగా నడిచిందని చెప్పలేను. టైటానియం ప్లేట్లు వచ్చాయి, చాలా తొందరగా వచ్చాయి. అంటే ముందే తెప్పించగలిగినవేనన్నమాట. హాల్లో గోడలకు ఫ్యాన్లు పెట్టారు. మేనేజరును అదే హోదాలో వేరే ఊరి ఫ్యాక్టరీకి మార్చారు. పోయేటప్పుడు ఆయనకు దండ వేసి ఫొటో తీశారు. నన్ను మాత్రం క్రమశిక్షణ లేదని రాజీనామా చేయమన్నారు. కంపెనీ ఆస్తి పాడుచేశానట. ఆ ఆస్తి ఒక గొలుసు. భాయ్ అడగకుండానే నాతో పాటు మానేశాడు. ఎందుకని అడిగితే, "పట్టుకుంది నేనే కదమ్మా" అన్నాడు. ఇప్పుడు ఇద్దరం కలిసి ఈ మిషన్లే కడిగి బాగుచేసే పని చేస్తున్నాం. కోల్డ్ స్టోరేజీలు, ఆసుపత్రులు, రొయ్యల కంపెనీలు. పనికి కొదవ లేదు. తీరం పొడుగునా తప్పు ప్లేట్లు వేసినవాళ్ళు చాలామందే ఉన్నారు.

అక్క బతికింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. కిడ్నీలు దెబ్బతిని మెల్లగా తేరుకున్నాయి. కుడి చేతి వేళ్ళు మాత్రం అప్పటి నుంచి సన్నగా వణుకుతాయి. కాలర్లు కుట్టే చేయి అది. సూది దగ్గర వణికే చేయికి ఏ ఫ్యాక్టరీ పనివ్వదు. ఎండలో నిలబడితే తల తిరుగుతుంది కాబట్టి చేపలు ఎండబెట్టే పనికి కూడా పోలేదు. ఇంట్లో కూర్చుని వలల చిరుగులు కడుతుంది. వణికే వేళ్ళతో వలలో ఒక్క కన్ను కట్టడానికి చాలాసేపు పడుతుంది.

మొన్న వేసవి మొదట్లో వాళ్ళింటికి పోయాను. చాప పరిచి కూర్చోమంది. టీ పెట్టి ఇచ్చింది తోటికోడలు, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. వీపు మీద అదే కంపెనీ పేరున్న నీలం చొక్కా. టీ గ్లాసు కింద పెట్టేశాను.

"ఆ పిల్ల అక్కడ చేరిందా?" అన్నాను.

"చేరింది. అయితే ఏం?" అంది అక్క, వల మీద నుంచి తలెత్తకుండా.

"తెలిసి తెలిసి ఎట్లా పంపించావక్కా?"

"ఇంకెక్కడుండాది మే పని? వేటకు పోయే పడవ మా మరిదికి లేదు. రొయ్యల గుంటల్లో కాళ్ళు పుండ్లు పడతాయి. ఇప్పుడు హాలు చల్లగానే ఉండాదంట."

"వాళ్ళు నీకేం చేశారో మర్చిపోయావా?"

ఆమె అప్పుడు తలెత్తింది. "నువ్వు మర్చిపోలేదు. సరే. నేను మర్చిపోయినానని ఎవురు చెప్పినారు నీకు?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. ఆమె మాట అంత మామూలుగా ఉండటమే నాకు కష్టమనిపించింది. నేను ఆమె తరఫున కోప్పడుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆమె కోపం ఆమె దగ్గర వేరేగా ఉంది. అది ఎక్కడ పెట్టుకుందో నాకు చూపించాల్సిన పని ఆమెకు లేదు.

ఆ పిల్ల గ్లాసులు తీసుకుపోతుంటే ఆపి, హాల్లో ఏ వైపు కూర్చుంటావని అడిగాను. ఇస్త్రీ టేబుళ్ళ పక్కన అంది. హాల్లో అన్నింటికంటే వేడి చోటు అది.

"గాలి వెచ్చగా వస్తే సూపర్‌వైజరు చెప్పేదాకా చూడొద్దు. లేచి బయటికొచ్చేయి. పక్కవాళ్ళను కూడా లేపుకొని రా. చెమట పట్టడం ఆగిపోతే అది చల్లబడటం కాదు, ప్రమాదం. తెలిసిందా?"

"సరేక్కా" అంది ఆ పిల్ల. నవ్వుతూ అంది, పెద్దవాళ్ళ జాగ్రత్తలకు కుర్రవాళ్ళు నవ్వినట్టు.

"నవ్వొద్దు. నేను చెప్పింది మళ్ళీ చెప్పు" అన్నాను. నా గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది.

ఆ పిల్ల నవ్వు ఆపి అక్క వైపు చూసింది. అక్క చేతిలో వల పక్కన పెట్టింది.

"చెప్పు మే," అంది ఆ పిల్లతో. "ఆమె అడిగినట్టు మొత్తం చెప్పు."